విసిగిన అయ్యవార్లు – మన ప్రాంతపు బడుల కథ

సంఘం ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని కార్యదర్శి గారు రెండు సార్లు ఫోను చేశారు. ముప్పై ఆరేళ్లు ఫైళ్లలో నోట్లు రాసినవాణ్ణే గాని వ్యాసాలు రాసే అలవాటు నాకు లేదు. డి.ఏ. బకాయిల మీదనో, మెడికల్ రీయింబర్సుమెంటు మీదనో అయితే అరగంటలో రాసి ఇచ్చేవాణ్ణి. చరిత్ర అనేసరికి ఏం రాయాలో తోచక నెల రోజులు వాయిదా వేశాను. చివరికి విషయం మా ఇంట్లోనే దొరికింది.

పోయిన వేసవి సెలవుల్లో మా పెద్దమ్మాయి వచ్చింది. జిల్లా పరిషత్తు హైస్కూల్లో లెక్కల టీచరు. ఇరవై నాలుగేళ్ల సర్వీసు. భోజనాలయ్యాక నా పక్కన కూర్చుని, "నాన్నా, వాలంటరీ రిటైర్మెంటుకు దరఖాస్తు ఎట్ల రాయాల?" అని అడిగింది. ఇరవై ఏళ్ల అర్హత సర్వీసు, మూడు నెలల నోటీసు అని నా నోటికి అలవాటుగా వచ్చేసింది. 2004 సెప్టెంబరుకు ముందు చేరిన మనిషి కాబట్టి పాత పింఛనే వస్తుందని కూడా చెప్పాను. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది! ఎందుకని అడగడం ఆ తరువాత గుర్తొచ్చింది.

జీతం చాలక కాదు. ఊరు దూరమూ కాదు. "పిల్లోళ్లు వినరు నాన్నా. కొట్టకూడదంటారు, మంచిదే, కొట్టాలని నాకూ లేదు. పాఠం చెప్తా వాళ్ల మొగాలు చూస్తే నేను అక్కడ లేనట్టే ఉంటాది. ఇరవై ఏండ్లుగా లేని మనిషి మాదిరి నిలబడుకోని చెప్తాండ," అంది.

దీనికి ఇప్పుడు ఇంగ్లీషులో బర్న్ అవుట్ అని పేరుంది. న్యూయార్కులో ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1974లో ఈ మాటను శాస్త్ర పత్రికకు ఎక్కించాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని వ్యాధిగా కాక, పనివల్ల కలిగే స్థితిగా తన పట్టికలో చేర్చింది. ఒళ్లూ మనసూ అలసిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, నావల్ల ఏమీ కావడం లేదనిపించడం – ఈ మూడూ దాని లక్షణాలట. చదివి నవ్వుకున్నాను. ఆ మూడూ కలిసిన మనిషిని నేను 1963లోనే చూశాను. ఆయన కథకు వచ్చే ముందు ఇంకా వెనక్కి వెళ్లాలి. ఎందుకంటే ఈ విసుగు మా అమ్మాయితోనూ మొదలు కాలేదు, ఆయనతోనూ మొదలు కాలేదు.

నేను పుట్టిన ఆలూరు తాలూకా ఇప్పుడు కర్నూలు జిల్లా అయినా, నేను పుట్టిన 1950లో బళ్లారి జిల్లా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు వచ్చాయి, మిగిలిన బళ్లారి మైసూరుకు పోయింది. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడే ఊళ్లు మావి. ఇది చెప్పడానికి కారణం, రెండు వందల ఏళ్ల కిందటి మన బడుల గురించి మనకు దొరికే మంచి వర్ణనల్లో ఒకటి ఈ బళ్లారి జిల్లాదే. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822లో రాజధానిలోని బడుల లెక్కలు పంపమని కలెక్టర్లందరికీ ఉత్తర్వు వేశాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టు 17న జవాబు పంపాడు. ఈయన తెలుగు వ్యాకరణం రాసిన దొర, 1816లో అచ్చయింది. ఆ కాలపు కలెక్టర్ల నివేదికలన్నీ ధరంపాల్ గారు 1983లో పుస్తకంగా వేశారు. రిటైరయ్యాక ఒక మిత్రుడి దగ్గర అది ఎరువు తెచ్చుకుని చదివాను. ఇంకా తిరిగి ఇవ్వలేదు, ఆయన ఈ సంచిక చదువుతారు కాబట్టి ఇక్కడే ఒప్పుకుంటున్నాను.

కాంప్‌బెల్ లెక్క ప్రకారం బళ్లారి జిల్లా జనాభా 9,27,857. బడులు 533. చదువుకునేవాళ్లు 6,641 మంది. అంటే బడికి పన్నెండు మంది, వెయ్యి మంది జనానికి సుమారు ఏడుగురు. అందులో ఆడపిల్లలు అరవై మంది. కన్నడ బడులు 235, తెలుగు బడులు 226, మిగిలినవి మరాఠీ, పారశీకం, తమిళం, బ్రాహ్మణులు శాస్త్రాలు చదివే చోట్లు. ఇంగ్లీషు బడి జిల్లా మొత్తానికి ఒక్కటి! ఇప్పుడు ఆలూరులో ఏ వీధికి వెళ్లినా ఒక ఇంగ్లీషు మీడియం బోర్డు తగులుతుంది.

లెక్కలకంటే ఆయన బడి నడిచే తీరు చెప్పిన భాగం బాగుంటుంది. పొద్దున ఆరింటికి బడి. అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో అయ్యవారు గౌరవంగా సరస్వతి పేరు రాస్తాడు. రెండోవాడి చేతిలో సున్న – మెప్పూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అట్లా వచ్చే కొద్దీ పెరుగుతాయి. చదవని వాడికి బెత్తం, గుంజీళ్లు, రెండు చేతులూ కట్టి దూలానికి వేలాడదీయడం – మన తాతలు కోదండం అని చెప్పేది అదే. చదివినప్పుడు నాకొక సందేహం వచ్చింది. పన్నెండు మంది పిల్లలున్న బడిలో ఇన్ని రకాల దండనలు ఎందుకు కావలసి వచ్చాయి? పిల్లలు తమంత తామే ఉత్సాహంగా చదువుతూ ఉంటే అక్కర ఉండదు గదా. "మా కాలంలో పిల్లలు గురువంటే ప్రాణం పెట్టేవాళ్లు" అని మన పార్కు బెంచీ మీద రోజూ వినే మాటకు ఇది జవాబనుకుంటాను. ప్రాణం పెట్టారో లేదో గాని, భయం పెట్టుకున్నారు.

ఎందుకు చదవలేదో కూడా కాంప్‌బెలే చెప్పాడు. బడిలో నేర్పేవన్నీ పద్య కావ్యాలు, మాట్లాడే భాషకు దూరమైన భాషలో ఉండేవి. పిల్లవాడు వందల పద్యాలు చిలకలా అప్పజెప్పుతాడు, అర్థం చిలకకు తెలిసినంతే తెలుసు. విచిత్రమేమిటంటే చాలామంది అయ్యవార్లకూ తెలియదు. తెలియనిది చెప్పేవాడొకడు, తెలియనిది వల్లించేవాళ్లు పన్నెండు మంది. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పే పద్ధతిని మాత్రం ఆయన మెచ్చుకున్నాడు, ఇంగ్లండు దాన్ని అనుకరించడం సబబే అన్నాడు. దేశం పేదదైపోవడం వల్ల తల్లిదండ్రులు పిల్లల్ని బడి మాన్పించి పనికి పెడుతున్నారని కూడా రాశాడు. ఈ మాట దగ్గర నేను పుస్తకం మూసి కొంచెంసేపు కూర్చున్నాను. మా ఊళ్లలో ఇప్పటికీ పంట ఎండిన ఏడు జనం సుగ్గికి పోతారు. గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పిల్లాపాపలతో సహా బయలుదేరుతారు. హాజరు పట్టీలో డిసెంబరు నుంచి మార్చి దాకా వరుసగా గైరుహాజరు.

అయ్యవారి సంపాదన సంగతి మన్రో 1826 మార్చి 10 నాటి తన మినిట్‌లో రాశాడు. పిల్లవాడు నెలకు నాలుగణాల నుంచి ఎనిమిదణాల దాకా ఇస్తాడు. అయ్యవారికి నెలంతా కలిపి ఆరేడు రూపాయలకు మించదు, ఇంత తక్కువకు యోగ్యులైనవాళ్లు ఈ వృత్తిలోకి రారు అన్నాడు. తాలూకాకొక బడి పెట్టి అయ్యవారికి తొమ్మిది రూపాయలు, కలెక్టరేటు బడి అయ్యవారికి పదిహేను రూపాయలు సర్కారు నుంచి ఇద్దామని ప్రతిపాదించాడు. మన దేశంలో పే రివిజన్ ప్రతిపాదనల్లో ఇదొక పాతది అనుకోవచ్చు. ఆ మరుసటి ఏడే, 1827 జులై 6న, మన పత్తికొండలోనే కలరా తగిలి ఆయన పోయాడు. ఆ బడులు కొన్నాళ్లు నడిచి మూతపడ్డాయి. పే రివిజన్ల సంగతి మనకు తెలియనిది కాదు.

ఆ తరువాత వచ్చింది నా దృష్టిలో అసలైన దెబ్బ. ఇంగ్లండులో 1862లో రాబర్ట్ లో అనే మంత్రి ఒక కోడ్ తెచ్చాడు. బడికిచ్చే గ్రాంటు పిల్లల పరీక్ష ఫలితాన్ని బట్టి. ఇన్‌స్పెక్టరు ఏడాదికొకసారి వచ్చి ఒక్కొక్క పిల్లవాణ్ణి నిలబెట్టి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తాడు. పాసయిన తలకు ఇంత అని డబ్బు. ఫెయిలయితే ఆ మేరకు కోత. మాథ్యూ ఆర్నాల్డ్ అనే పేరుపొందిన కవి బడుల ఇన్‌స్పెక్టరుగా ఉద్యోగం చేస్తూనే దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. అయినా ఆ పద్ధతి కొన్నేళ్లకే మద్రాసు రాజధానికి వచ్చింది. 1882 నాటి హంటర్ కమిషను కూడా ప్రాథమిక బడులకు ఇదే మంచిదంది. ఇంగ్లండులో 1890లలో దాన్ని వదిలేశారు. ఇక్కడ మాత్రం 1904లో కర్జన్ ప్రభుత్వం విద్యా తీర్మానంలో దాన్ని తప్పుపట్టేదాకా వేళ్లూనుకునే ఉంది.

దాని పని ఎట్లా ఉండేదో ఊహించడం కష్టం కాదు. అయ్యవారి కూడు పిల్లవాడి నోటి మీద ఆధారపడింది. మందబుద్ధి పిల్లవాణ్ణి పరీక్ష రోజు ఇంట్లో ఉండమనడం, తెలివైనవాణ్ణి పక్కన పెట్టి అంచున ఉన్నవాణ్ణి రుద్దడం, ఇన్‌స్పెక్టరు అడిగే పాఠం ముందే కంఠతా పట్టించడం – ఇవన్నీ అప్పుడు పుట్టినవే. మా ముత్తాతల కాలంలో గుర్రం మీద వచ్చే ఇన్‌స్పెక్టరు దొర పేరు చెబితే అయ్యవారికే చలిజ్వరం వచ్చేదట. పిల్లవాడు చదవకపోతే అది పిల్లవాడి తప్పు అని అనడానికి కాంప్‌బెల్ నాటి అయ్యవారికి కనీసం వీలుండేది. ఈ పద్ధతి వచ్చాక ఆ తప్పు అయ్యవారి జీతం పుస్తకంలో ఎక్కింది.

నిజానికి తప్పు ఎక్కడుందో తెలుసుకున్న అయ్యవారొకాయన ఉత్తరాన ఉన్నారు. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880 నుంచి పర్లాకిమిడి బడిలో ఉపాధ్యాయులు. 1911లో రిటైరయ్యారు. ముప్పై ఏళ్లు పిల్లలతో గడిపిన మనిషి. బడుల ఇన్‌స్పెక్టరు జె.ఎ. యేట్స్ దొరకు తెలుగు బడులు తిరిగితే ఒక సందేహం కలిగింది: పిల్లలు ఇంట్లో మాట్లాడే భాష ఒకటి, బడిలో పుస్తకం భాష ఇంకొకటి, ఇదేమిటని. పంతులు గారు ఆ ప్రశ్న పట్టుకుని వ్యావహారిక భాష కోసం జీవితాంతం పోరాడారు. మనం ఆయన్ను భాషోద్యమ నాయకుడిగానే తలుచుకుంటాం. ఆగస్టు 29న దండ వేస్తాం. నాకు మాత్రం ఆయన మొదట ఒక విసుగెత్తిన బడిపంతులుగా కనిపిస్తారు. ఎదురుగా కూర్చున్న పిల్లవాడి కళ్లు ఎందుకు మూతలు పడుతున్నాయో వెతుక్కుంటూ పోయిన మనిషి. విసుగు అందరికీ వస్తుంది. దాన్ని పట్టుకుని కారణం దాకా వెళ్లే ఓపిక లక్షలో ఒకరికి ఉంటుంది. మిగిలినవాళ్లు ఏం చేస్తారు? మా లెక్కల అయ్యవారు చేసినట్టు చేస్తారు.

ఇక నేను చూసిన కాలానికి వస్తాను.

1960లలో మా బోర్డు హైస్కూలు. అప్పటికి జిల్లా బోర్డులు పోయి 1959 నుంచి జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు వచ్చినా జనం నోట బోర్డు స్కూలే. ఆరో తరగతిలో మేము యాభై రెండు మందిమి. 1967లో ఎస్.ఎస్.ఎల్.సి. పరీక్షకు కూర్చున్నది పద్నాలుగు మందిమి. మిగిలినవాళ్లు ఏ తరగతిలోనో తప్పి, పత్తి జిన్నింగు ఫ్యాక్టరీకో, గొర్ల వెంటో పోయారు. ఆడపిల్లలు ఎనిమిది దాటలేదు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, కిందికి పోయాక దీనితో పని ఉంది.

లెక్కల అయ్యవారికి అప్పుడు ముప్పై నాలుగేళ్లుంటాయి. తెల్ల పంచె, ఖద్దరు చొక్కా, సైకిలు. నేను ఆయన తరగతిలో పనికిమాలిన వాణ్ణి. అబద్ధం చెప్పను, తెలివి లేక కాదు. ఇష్టం లేదు, అంతే. మా నాయన పత్తి మండీలో తూకాల దగ్గర పనిచేసేవాడు, అక్కడ బస్తాల మధ్య తిరగడం నాకు హాయి. అయ్యవారు రెండు సార్లు మా ఇంటికొచ్చి మా నాయనతో చెప్పారు. మా నాయన నన్ను కొట్టాడు. నేను మళ్లీ మండీకే పోయాను.

1963లో తొమ్మిదో తరగతి. బీజగణితంలో ఒక లెక్క మూడో రోజు మూడోసారి చెప్తున్నారు. వెనక బెంచీలో మేము నలుగురం చింతగింజలు ఆడుతున్నాం. ఆయన చూశారు. లేచి వస్తారు, బెత్తం పడుతుంది అనుకుని చేతులు తొడల కింద దాచుకున్నాం. ఆయన రాలేదు. సుద్దముక్క మెల్లగా బల్ల మీద పెట్టారు. చెయ్యి దులుపుకున్నారు. కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని, బయట వేపచెట్టును చూస్తూ గంట కొట్టేదాకా అట్లాగే కూర్చున్నారు. ఒక్క మాట లేదు. మేము నలుగురం ఆ రోజు గెలిచినట్టు సంతోషపడ్డాం. ఆ ఏడు నేను లెక్కల్లో తప్పాను. మళ్లీ తొమ్మిదే చదివాను. రెండోసారి ఆయన నన్ను బడి అయ్యాక రోజూ అరగంట ఉంచుకుని కూడికల దగ్గర నుంచి మొదలుపెట్టి చెప్పారు. అందుకే పాసయ్యాను. అందుకే 1972లో ఎల్.డి.సి.గా ఉద్యోగం వచ్చింది. చేరిన కొన్నాళ్లకే ఎన్.జి.ఓ.ల సమ్మె, మనలో చాలామందికి ఆ మూడు నెలల పస్తులు గుర్తుండే ఉంటాయి.

నేను ఉద్యోగంలో చేరడానికి ముందటి ఏడు, 1971లో, మన రాష్ట్రంలో నాన్ డిటెన్షన్ పద్ధతి వచ్చింది. పిల్లవాణ్ణి తరగతిలో ఆపకూడదు, హాజరుంటే పైకి పంపాలి. ఏడులో కామన్ పరీక్ష, పదిలో పబ్లిక్ పరీక్ష. పార్కు బెంచీ మీద దీన్ని తిట్టనివాళ్లు లేరు. నేను తిట్టను. యాభై రెండు మందిలో పద్నాలుగు మందే మిగలడం నేను చూశాను. తప్పినవాడు మళ్లీ రాడు, ముఖ్యంగా పేదవాళ్ల పిల్లలు, ఆడపిల్లలు. వాళ్లను నిలబెట్టాలనుకోవడం తప్పు కాదు. అయితే తప్పిన నాకు మా అయ్యవారు రోజూ అరగంట ఇచ్చారు. ఆ అరగంట కొత్త పద్ధతిలో ఎవరి బాధ్యతో ఉత్తర్వులో ఎక్కడా కనపడలేదు. పిల్లవాడు పైకి పోతూ ఉంటాడు, రాని భాగహారం వాడితో పాటు పైకి పోతూ ఉంటుంది. అదే 1971లో సర్వేలులో మొదటి గురుకుల పాఠశాల పెట్టారు. మరుసటి ఏడు తాడికొండలో, కొడిగెనహళ్లిలో పెట్టారు. అవి గొప్ప బడులు, వాటి నుంచి గొప్పవాళ్లు వచ్చారు. ఊరి బడిలో నుంచి చురుకైన నలుగురు పిల్లలు అటు పోతే, మిగిలిన తరగతిని చూసుకునే అయ్యవారికి ఉన్న ఒక్క సంతోషమూ పోయిందని కూడా చెప్పాలి.

1981 వేసవి. నేను జిల్లాలో ఒక విద్యాశాఖ కార్యాలయంలో పనిచేస్తున్నాను. పదో తరగతి ఫలితాలు వచ్చాయి. తక్కువ శాతం వచ్చిన సబ్జెక్టు టీచర్లందరికీ మెమోలు ఇవ్వమని పైనుంచి ఆదేశం. సూపరింటెండెంటు గారు డ్రాఫ్టు నన్నే రాయమన్నారు. "విధి నిర్వహణలో తీవ్ర నిర్లక్ష్యం కనబరచినందున మీపై క్రమశిక్షణ చర్య ఏల తీసుకోరాదో ఏడు దినములలోగా సంజాయిషీ ఇవ్వవలెను." స్టెన్సిలు కోసి సైక్లోస్టైలు వేయించాం. పేరు, బడి, శాతం – ఆ మూడూ ఖాళీలు. చేత్తో నింపాలి. పదిహేడు మెమోలు. పదకొండోది మా అయ్యవారిది. ఒక్క నిమిషం పెన్ను ఆగింది. ఆగింది అంతే. నింపేశాను.

ఆయన సంజాయిషీ పోస్టులో పంపలేదు. స్వయంగా వచ్చారు. తల పూర్తిగా నెరిసింది, యాభై రెండేళ్లకు అరవై దాటినట్టున్నారు. నా టేబులు ముందు నిలబడి కాగితం చూపించి, "ఈ అక్షరం నీదే కదరా?" అన్నారు. లేచి నిలబడ్డాను. "కవరు విప్పుతానే పట్టినా. తప్పు లేకుండా రాసినావు," అన్నారు. అందులో ఎగతాళి లేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. నాలుగు పేజీల సంజాయిషీ టేబులు మీద పెట్టి వెళ్లిపోయారు.

ఆ నాలుగు పేజీలూ నేను చదివాను. నలభై ఒక్క మంది పిల్లల పేర్లు వరుసగా రాసి, ఒక్కొక్కరి ఎదురుగా ఏది రాదో రాశారు. పంతొమ్మిది మందికి భాగహారం రాదు. ఎనిమిది మంది ప్రశ్నను తప్పులు లేకుండా చదవలేరు. పదకొండు మంది సంక్రాంతి ముందే సుగ్గికి పోయి పరీక్షలకు వారం ముందు వచ్చారు. ఫిబ్రవరిలో తనను జనాభా లెక్కలకు వేసిన సంగతి చివర ఒక్క ముక్కలో రాశారు. ఆయన్ను ఆ డ్యూటీకి రిలీవు చేయమన్న ఉత్తర్వు కూడా మా సెక్షను నుంచే పోయింది. చివరి వాక్యం నాకు కంఠతా వచ్చు: "ఏ పిల్లవానినీ ఆపరాదన్నారు, ఆపలేదు. ఏ పిల్లవానికైనా మొదటినుండి నేర్పుటకు వ్యవధి అడిగితిని, ఇవ్వలేదు."

ఆ ఫైలు మీద నేను రాసిన నోటు: "సంజాయిషీ చూడడమైనది. ఫైలు చేయవచ్చును." సూపరింటెండెంటు గారు సంతకం చేశారు, అధికారి గారు సంతకం చేశారు. ఇద్దరూ పేజీ తిప్పలేదు. వాళ్లను తప్పు పట్టను, వాళ్ల టేబుళ్ల మీద అటువంటి ఫైళ్లు వందలు. పాసయిన తలకు ఇంత అనే రాబర్ట్ లో గారి లెక్క నూరేళ్ల తరువాత మా ఆఫీసు సైక్లోస్టైలు మిషను మీద అచ్చవుతోందని అప్పుడు నాకు తెలియదు. తెలిసినా నింపేవాణ్ణేమో.

మరుసటి ఏడు ఆయన స్వచ్ఛంద పదవీ విరమణకు పెట్టుకున్నారు. ఇంకా అయిదేళ్ల సర్వీసు ఉంది. కారణం అన్న చోట "ఆరోగ్య రీత్యా" అని రాశారు. అందరూ అదే రాస్తారు. పింఛను కాగితాలు ఆలస్యం కాకుండా నేనే వెంటపడి తిరిగాను, అది తప్ప నా చేతిలో ఏముంది. మొదటి పింఛను వచ్చిన నెల ఆయన ఇంటికి పోయాను. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకోవచ్చు కదా అయ్యవారూ అంటే, "ఇంగ ఎవురికీ ఏమీ చెప్పన్రా" అన్నారు. చెప్పలేదు కూడా. ఒక నూనె మిల్లులో సాయంత్రాలు లెక్కలు రాసేవారు. అంకెలు ఎదురు మాట్లాడవనేవారు. ఆ రోజు నేను లేవబోతుంటే అడిగారు: "ఆ మెమో నా సర్వీసు రిజిస్టరులో ఎక్కిందా?"

"లేదు అయ్యవారూ."

"ఎక్కాల గదా?"

"ఎక్కాల. నేను ఎక్కించలేదు."

ఆయన కొంచెం నవ్వి, "తొమ్మిదిలో మాదిరే ఉండావు, చెప్పిన పని చేయవు," అన్నారు. 1996లో పోయారు.

తరువాతి కథ మన మిత్రులందరికీ తెలిసిందే, త్వరగా చెప్తాను. 1983 తరువాత నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లు వచ్చారు, ఆ బిల్లులు నేనే కట్టాను. అదే పని చేసే పక్క టీచరు జీతంలో ఎన్నో వంతో లెక్కవేసి వాళ్లు నా ముందే నిట్టూర్చేవారు. ఆ నోషనల్ ఇంక్రిమెంట్ల పోరాటం వాళ్లు రిటైరయ్యేదాకా నడిచింది. బ్రిటను సాయంతో ప్రాథమిక విద్యా పథకం వచ్చి, పిల్లలు పనులు చేస్తూ నేర్చుకోవాలన్నారు. మంచి పథకమే, గోడలకు రంగు కాగితాలు అంటించిన బడులు చూడముచ్చటగా ఉండేవి. కాగితాలు వెలిసే లోపల ఇంకో పథకం వచ్చింది. ఓటర్ల జాబితాలు, చిన్న మొత్తాల పొదుపు, ఇంటింటి సర్వేలు, జన్మభూమి – అన్నింటికీ టీచర్లే, అన్ని ఉత్తర్వుల మీదా నా ఇనిషియల్సే. 2009 విద్యాహక్కు చట్టం జనాభా లెక్కలు, ఎన్నికలు, విపత్తులు తప్ప వేరే పనులు చెప్పకూడదంది. ఎనిమిదో తరగతి దాకా ఆపకూడదని అదే చట్టం అంది. 2019లో దాన్ని సవరించి, రాష్ట్రాలు కావాలనుకుంటే అయిదులో, ఎనిమిదిలో తప్పిన పిల్లల్ని ఆపవచ్చన్నారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బడులకు అట్లాగే నిబంధన మార్చింది. ఆపడమా, ఆపకపోవడమా అని యాభై ఏళ్లుగా వాదన. ఆ అరగంట ఎవరిస్తారన్నది మాత్రం ఇరువైపులా వినపడదు.

మా అమ్మాయికి ఇప్పుడు సెల్‌ఫోనులో హాజరు. 2022లో మన రాష్ట్రంలో టీచర్లకు ముఖం చూపించే యాప్ పెట్టారు. మనం ఏటా లైఫ్ సర్టిఫికెట్‌కు ముఖం చూపించి బతికే ఉన్నామని చెప్పుకుంటాం కదా, వాళ్లు రోజూ చెప్పుకోవాలి. కొన్నాళ్ల కిందటి దాకా భోజనం ఫొటో, మరుగుదొడ్డి ఫొటో ఎక్కించి తరగతిలోకి పోయేసరికి మొదటి పీరియడులో సగం అయిపోయేదంటుంది.

దరఖాస్తు నేనే రాసిచ్చాను. కారణం దగ్గర ఖాళీ వదిలాను. "ఆరోగ్య రీత్యా అని రాయి నాన్నా" అంది. నువ్వే రాసుకో అన్నాను. ఆ రాత్రి ఆమెకు అయ్యవారి నాలుగు పేజీల సంగతి మొదటిసారి చెప్పాను. నా పెళ్లానికి కూడా ఎన్నడూ చెప్పలేదు. విని చాలాసేపు ఊరకే ఉండి, "నలభై ఒక్క మందికీ పేరు పేరునా ఏం రాదో ఆయనకు తెలిసిందా?" అని అడిగింది. తెలుసన్నాను. "నాకు ఈ ఏడు పిల్లోళ్లవి అందరి పేర్లే తెలీవు," అంది.

బడులు తెరిచారు, వెళ్లిపోయింది. దరఖాస్తు మా ఇంట్లో బీరువాలో నా పింఛను పుస్తకం కింద ఉంది. దాని మీద ఇంకా తేదీ వేయలేదు.